పెనం దగ్గర పెద్ద

చెరకు గడను నరికిన క్షణం నుంచే దానిలో తీపి తరగడం మొదలవుతుంది. ఒక రోజు లోపు గానుగ ఆడితే బెల్లం దిమ్మ గట్టిగా నిలబడుతుంది. రెండు మూడు రోజులు దాటితే ఎంత పాకం పట్టినా బెల్లం జిగురుగా సాగుతుంది, రంగు నల్లబడుతుంది, రేటు పడిపోతుంది. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో తరతరాలుగా బెల్లం వండినవాళ్ళు బతికింది ఈ ఒక్క రోజు గడువుతోనే. ఏ తోట ముందు నరకాలి, బండి ఎప్పుడు కదలాలి, గానుగ ఎవరి వంతు, పొయ్యి దగ్గర ఎవరు కూర్చోవాలి, రాత్రంతా మేలుకున్నవాణ్ణి పొద్దున ఏ పనిలో పెట్టాలి... అన్నీ ఆ గడువులోనే తేలాలి. తేల్చే మనిషి ఒకడుండేవాడు. అతనికి కుర్చీ లేదు, రిజిస్టరు లేదు, చాలాసార్లు సంతకం కూడా రాదు. కుర్రాళ్ళు మావా అనో బాబాయ్ అనో పిలిచేవారు. పని చెడితే నలుగురూ అతని ముఖమే చూసేవారు.

ఈ ప్రాంతపు చరిత్రలో జమీందార్ల పేర్లున్నాయి, ఉద్యమకారుల పేర్లున్నాయి, శంకరం కొండల మీది బౌద్ధ స్తూపాల వివరాలున్నాయి. ఊరికి పేరు తెచ్చిన బెల్లం వెనక జట్లను నడిపిన పెద్దల గురించి మాత్రం రాసినవాళ్ళు తక్కువ. పని జరగాలి, జట్టు చెదరకూడదు, జట్టులో ఒక్కొక్క మనిషీ నిలబడాలి. ఈ మూడింటినీ ఒక్క చేత్తో పట్టుకోవడం ఇక్కడ నాలుగు చోట్ల కనిపిస్తుంది: గానుగ దగ్గర, రంగూన్ రేవులో, మార్కెట్ యార్డులో, సహకార చక్కెర మిల్లులో. ఒక చోట నిలిచింది మరో చోట ఎందుకు కూలిందో చూస్తే, పెద్ద అనేవాడు పనికి ఎంత దగ్గరగా నిలబడ్డాడన్న దాని మీదే చాలావరకు తేలినట్టు కనిపిస్తుంది.

1893 నుంచి 1896 దాకా విజయవాడకూ కటక్‌కూ మధ్య ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం పడింది. శారదా నది పక్కనున్న అనకాపల్లి ఆ దారిలోకి వచ్చింది. అప్పటిదాకా ఎడ్లబండి వెళ్ళగలిగినంత దూరమే వెళ్ళిన దిమ్మ, రైలెక్కి ఒడిశా, బెంగాల్ వైపు సాగడం తేలికైంది. 1913లో ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. కోయంబత్తూరులో దేశానికంతటికీ చెరకు వంగడాల సంస్థ వచ్చిన మరుసటి ఏడే అది. తర్వాతి కాలంలో ఇక్కడ ఎంపికైన రకాలు 'కో ఎ' అన్న గుర్తుతో రైతుల నోళ్ళలో నలిగాయి. ఆ 'ఎ' అనకాపల్లిదే. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ తర్వాత దేశంలో అంత పెద్ద బెల్లం మార్కెట్ ఇదేనన్న పేరు ఊరికి స్థిరపడింది.

ఇక పెనం దగ్గరికి వెళ్దాం.

టన్ను చెరకు ఆడిస్తే వచ్చే బెల్లం సుమారు వంద కిలోలు. అంటే పదో వంతు. మిగిలిందంతా పిప్పి, ఆవిరి, తెట్టు. ఆ పదో వంతును రాబట్టడానికి ఒక జట్టు కావాలి. ఒకరు గానుగకు గడలందిస్తారు. ఒకరు పిప్పిని లాగి కళ్ళంలో పరుస్తారు, ఎండాక మోపులు చేసి పొయ్యి దగ్గరికి చేరుస్తారు. ఒకరు మంట వేస్తారు. ఒకరు తెడ్డు పట్టుకుని పెనంలో పైకి తేలే తెట్టును తీస్తూ ఉంటారు. సున్నపు తేట ఎప్పుడు వేయాలి, బెండ మొక్కల జిగురు ఎంత పోయాలి, నురగ పొంగి వచ్చినప్పుడు ఎన్ని చుక్కల నూనె చిలకరించాలి, ఇవి పాకం చూసేవాడి లెక్కలు. రెండు మూడు గంటలు ఉడికాక రసం చిక్కబడి పాకమవుతుంది. అప్పుడతను తెడ్డు నుంచి కాస్త పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూస్తాడు. ఉండ కట్టిందంటే దించాలి. శాస్త్రవేత్తలు థర్మామీటరు పెట్టి చూస్తే ఆ ఘడియ 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేలింది. పాకం మనిషికి ఆ అంకె అక్కర్లేదు. నీళ్ళలో వేలు చెప్పేది, బుడగల చప్పుడు చెప్పేది, ఆవిరి వాసన చెప్పేది.

అతని అసలు నేర్పు మాత్రం వేలి కొసల్లోనే లేదు. మంట వేసేవాడు పొయ్యి నోటి దగ్గర, నేల మట్టానికి కింద కూర్చుంటాడు. పెనంలో ఏం జరుగుతున్నదో అతనికి కనబడదు. పాకం చూసేవాడు పైన ఉంటాడు. మంట అతని చేతిలో లేదు. మొదట్లో మంట పెద్దదిగా ఉండాలి, చివర్లో తగ్గాలి. పాకం పండే వేళ పొయ్యిలో ఒక్క మోపు ఎక్కువ పడితే మాడు వాసన. తక్కువ పడితే మెత్తని దిమ్మ. వీళ్ళిద్దరికీ మాట కుదరకపోతే పెనం పాడవుతుంది. పెనం పాడైతే ఒక రైతు తోటలో కొంత భాగం ఆ పూటకి గంగపాలైనట్టే. దించేటప్పుడు ఇంకో పరీక్ష. పాత రోజుల్లో మరుగుతున్న పాకంతో ఉన్న బరువైన పెనాన్ని కర్రలు దూర్చి నలుగురూ ఒకేసారి ఎత్తి తొట్టిలోకి వంచేవారు. ఒకరి అడుగు తడబడితే మిగతా ముగ్గురి కాళ్ళూ కాలతాయి. ఎవరి పక్కన ఎవరుండాలో చూసి నిలబెట్టడం పెద్ద పని.

కూలి చాలా చోట్ల పెనం లెక్క. ఎన్ని పెనాలు దించితే అంత. ఇందులోనే చిక్కుంది. జట్టుకు ఇంకో పెనం ఎక్కించాలని ఉంటుంది, రైతుకు తెల్లారేలోగా తోట ఖాళీ కావాలని ఉంటుంది. కానీ గడలందించే కుర్రాడి కళ్ళు మూతలు పడుతుంటాయి. గానుగ రోలర్ల మధ్యకి గడతో పాటు వేలు పోవడం ఈ పనిలో ఎరిగిన ప్రమాదమే. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆపమనే మాట అనగలిగేది పెద్ద ఒక్కడే. ఆపితే అందరి కూలీ తగ్గుతుంది, అతనిదీ తగ్గుతుంది. అతనూ అదే కూలిలో వాటాదారు కాబట్టే ఆ మాటకు విలువ. పెనం లెక్క కూలి అలాగే ఉంచి, లెక్క చూసేవాడికి మాత్రం విడిగా నెల జీతం ఇచ్చి ఉంటే, ఆ కుర్రాడి నిద్ర ఎవరికీ పట్టేది కాదు.

ఈ జట్టులో లోటు కూడా ఉంది, దాన్ని దాచి చెప్పకూడదు. ఆకు దూయడం, మోపులు మోయడం, పిప్పి ఎండబెట్టడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఎండలో రోజంతా వంగి చేసే ఆ పనికి మగవాడి కన్నా తక్కువ కూలి కట్టడం ఊళ్ళ మామూలు. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం 1976లోనే వచ్చింది. పొయ్యికి కావలసిన ఎండు పిప్పి సమయానికి అందకపోతే పెనమే ఎక్కదు. అయినా పాకం చూసే స్థానానికి ఆడవాళ్ళను రానివ్వలేదు. ఎడ్ల గానుగ రోజుల్లో ఎద్దుల వెనక తిరిగే పని పిల్లలది. సీజన్ అంటే దసరా దాటాక మొదలై వేసవి దాకా, అంటే బడి నడిచే నెలలన్నీ. పెద్ద ఎంత మంచివాడైనా ఈ రెండు విషయాల్లో ఊరి ఆచారాన్ని దాటలేదు.

ఇంగ్లండులో జాన్ అడైర్ అనే ఆయన 1960లలో శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో నాయకత్వం బోధిస్తూ మూడు వృత్తాల బొమ్మ ఒకటి గీశాడు. ఒక వృత్తం పనిది, ఒకటి జట్టుది, ఒకటి మనిషిది. మూడూ ఒకదానిమీదికొకటి ఒరిగి ఉంటాయి; ఒకటి చెరిగితే మిగతా రెండింట్లోనూ ముక్క పోతుంది. ఆ బొమ్మ తర్వాత ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ పాఠమైంది. అడైర్ కుర్రతనంలో అరబ్ దళంలో బెదూయిన్ సైనికుల మధ్య పనిచేశాడు, ఉత్తర సముద్రాల్లో చేపల పడవ మీద కూలీగా కూడా వెళ్ళాడు. గదిలో కూర్చుని ఊహించిన బొమ్మ కాదది, జట్ల మధ్య తిరిగినవాడు గీసిన బొమ్మ. అందుకే దాన్ని అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల దగ్గర గానుగ పాకలో పెట్టి చూసినా అతుకుతుంది.

గానుగ కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. 1870లలో బీహార్‌లోని బిహియా ఎస్టేటులో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఇనుప రోలర్ల గానుగ తయారుచేసి రైతులకు అద్దెకివ్వడం మొదలెట్టారు. కొయ్య, రాతి గానుగల స్థానంలో ఆ ఇనుప గానుగ దేశమంతా పాకింది. ఆ తర్వాత ఆయిలు ఇంజను, ఆ తర్వాత కరెంటు మోటారు. యంత్రం మారినప్పుడల్లా జట్టు లయ మారింది. ఎద్దు అలిసిపోతే అందరికీ విశ్రాంతి దొరికేది. మోటారుకు అలుపు ఉండదు. విశ్రాంతి ఎప్పుడో మనిషే నిర్ణయించుకోవలసిన రోజులొచ్చాయి, ఆ భారమూ పెద్ద మీదే పడింది.

చెరకు తోటకు నీళ్ళు అందని ఏడు, తుపానుకు తోట పడిపోయిన ఏడు, ఈ ఊళ్ళ వాళ్ళకు ఇంకో దారి ఉండేది. రంగం వెళ్ళడం. రంగూన్‌ను ఉత్తరాంధ్ర అలాగే పిలిచేది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వేల మంది రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనిచేయడానికి వెళ్ళారు. కోరంగి రేవు పేరుతో వాళ్ళను అక్కడ కోరంగీలు అన్నారు. వాళ్ళను నడిపినవాడు మేస్త్రీ.

మేస్త్రీ కూడా చాలాసార్లు వాళ్ళ ఊరివాడే, వాళ్ళ కులం వాడే. స్టీమరు చార్జీ అప్పుగా పెట్టేవాడు, పని చూపించేవాడు, ఉండటానికి చోటు చూపించేవాడు. పైకి చూస్తే మూడు వృత్తాలూ అతని చేతిలోనే ఉన్నాయి. అయితే మిల్లు యజమాని గానీ ఓడ సరుకు దింపించే కంట్రాక్టరు గానీ కూలీల డబ్బు నేరుగా కూలీలకు ఇచ్చేవాడు కాదు, మేస్త్రీ చేతికిచ్చేవాడు. పెద్ద మేస్త్రీ, అతని కింద చిన్న మేస్త్రీ, అతని కింద గ్యాంగు. ఒక్కో మెట్టు దగ్గరా కొంత తెగేది. అప్పు తీరేదాకా కూలీ కదలడానికి లేదు. 1929లో వేసిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్, విట్లీ కమిషన్ అని పేరుపడ్డది, బర్మాకు వెళ్ళి ఈ పద్ధతిని పరిశీలించి తప్పుపట్టింది. మేస్త్రీలలో మంచివాళ్ళు లేకపోలేదు. జబ్బు పడ్డవాణ్ణి స్టీమరెక్కించి ఇంటికి పంపినవాళ్ళున్నారు, చచ్చిపోయినవాడి సొమ్ము ఇంట్లో అప్పజెప్పినవాళ్ళున్నారు. కానీ పద్ధతి మాత్రం మంచితనం మీద ఆధారపడే పద్ధతి. పెనం దగ్గరి పెద్ద జట్టుతో పాటు లాభపడేవాడు; మేస్త్రీ జట్టు నుంచి లాభపడేవాడు.

జట్టునూ మనిషినీ వదిలి పనినే చూస్తే ఎంత ప్రమాదమో 1930 మే నెలలో తెలిసింది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు తిరిగి వస్తే, కొన్నాళ్ళు మోసి చేతులు కాయలు కాసిన బర్మీయులను వెళ్ళిపొమ్మన్నారు. మే 26న గొడవ రాజుకుంది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు. ఓడ సకాలంలో ఖాళీ కావాలన్న ఒక్క లెక్కతో రెండు జట్లను ఒకదాని మీదికొకటి ఉసిగొల్పిన నిర్ణయమది. రేవు పెద్దలు ఆ రోజు చూసింది పనినే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు దాటి స్వదేశం చేరారు, దారిలో లెక్కలేనంత మంది రాలిపోయారు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

అనకాపల్లి మార్కెట్ యార్డులోకి వస్తే జట్టు రూపం మళ్ళీ మారుతుంది. తెల్లవారుజామున బళ్ళు, ట్రాక్టర్లు, ఆటోలు దిమ్మలతో వస్తాయి. ఒక్కో దిమ్మ 12 నుంచి 16 కిలోలు తూగుతుంది. ఇక్కడి లెక్క క్వింటాళ్ళలో కన్నా దిమ్మల్లోనే ముందు వినిపిస్తుంది: ఇవాళ ఎన్ని దిమ్మలొచ్చాయి అనే అడుగుతారు. దింపి వరుసలు పేర్చేవాళ్ళు కళాసీలు. తూచేవాళ్ళు కొలగార్లు. మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని దిమ్మ రంగునూ గట్టితనాన్నీ చూసి వర్తకులు పాట పాడతారు. రైతు ఒకడు, వర్తకుడు ఒకడు, మధ్యలో వీళ్ళు. కొలగారు కాటా దగ్గర ఒక్క వేలు ఎటు వాలిస్తే అటు డబ్బు కదులుతుంది. అందుకే మార్కెట్ చట్టాలు తూచేవాళ్ళకు కూడా లైసెన్సు ఉండాలన్నాయి. 1933లో మద్రాసు ప్రెసిడెన్సీలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కు 1966లో కొత్త చట్టం చేశారు.

కళాసీల జట్లలో పని పంచుకునే పద్ధతి గానుగ పాకకు దగ్గరగా ఉంటుంది. మోత కూలి ఉమ్మడిగా వస్తుంది, జట్టు పంచుకుంటుంది. వయసు మళ్ళినవాడు ఎత్తలేకపోతే వరుసలు సర్దే పని, లెక్క చెప్పే పని అతనికి మళ్ళించగలగడం ఇలాంటి జట్లకు ఉన్న బలం. పెద్ద పండుగల ముందు, సంక్రాంతికి, మేడారం సమ్మక్క జాతరకు బెల్లం గిరాకీ ఎక్కువ. మేడారంలో నిలువెత్తు బంగారమని తూచి ఇచ్చేది బెల్లమే కదా. ఆ రోజుల్లో యార్డు ఊపిరి సలపనివ్వదు. రేటు కుదరక కళాసీలు, కొలగార్లు పని ఆపేసిన రోజులూ ఉన్నాయి. అప్పుడు రైతు దిమ్మలు బండి మీదే ఉండిపోతాయి. యార్డులో మూడు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడగలిగిన మార్కెట్ కమిటీ ఉన్న ఏడు అది ఒక పూటలో తేలిపోతుంది, లేని ఏడు రోజులు పడుతుంది.

ఇప్పుడు మిల్లుల సంగతి. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే ఈ జిల్లా దేశానికి దారి చూపిన ఘనత ఇందులో ఉంది.

1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకం ఇస్తూ చట్టం వచ్చింది. జావా చక్కెర రాక తగ్గింది, నాలుగైదేళ్ళలోనే దేశంలో మిల్లుల సంఖ్య దాదాపు నాలుగు రెట్లయింది. చాలావరకు పెట్టుబడిదారుల మిల్లులే. ఆ సమయంలో ఏటికొప్పాకలో 1933లో రైతులే సభ్యులుగా సహకార చక్కెర మిల్లు పెట్టారు. లక్క బొమ్మలకు ఇప్పుడు పేరున్న ఆ ఊరే, వరాహ నది ఒడ్డున. తుమ్మపాల, కృష్ణా జిల్లా ఉయ్యూరు, ఉత్తరప్రదేశ్‌లోని బిస్వాన్, ఈ మూడు చోట్లా అదే కాలంలో అలాంటి మిల్లులు లేచాయి. మహారాష్ట్రలో విఠల్‌రావ్ విఖే పాటిల్, ఆర్థికవేత్త గాడ్గిల్ కలిసి ప్రవర దగ్గర సహకార మిల్లు నడిపి చూపింది స్వాతంత్ర్యం వచ్చాకే. చెరకు పండించినవాడే మిల్లుకు యజమాని కావచ్చునన్న ఆలోచనకు మొదట చెమటోడ్చినది ఈ నేల.

సహకార మిల్లు అధ్యక్షుడు నిజానికి పెనం దగ్గరి పెద్దకు పెద్ద రూపమే. మిల్లు రోజూ ఇన్ని టన్నులు ఆడాలి, అది పని. వేల మంది రైతులు, వందల మంది కార్మికులు, వాళ్ళ మధ్య చెరకు నరికే పర్మిట్ల వరస, అది జట్టు. ఫలానా రైతు కూతురు పెళ్ళి ఈ నెలలో ఉంది, అతని తోటకు ముందు పర్మిట్ కావాలి, అది మనిషి. ఊళ్ళో తిరిగే అధ్యక్షుడికి ఈ మూడోది తెలిసేది. తుమ్మపాల మిల్లుకు తర్వాత వి.వి. రమణ పేరు పెట్టుకున్నారంటే, మిల్లును ఒక మనిషితో గుర్తుపెట్టుకోవడం ఇక్కడ ఎంత సహజమో తెలుస్తుంది.

కానీ మెల్లగా మిల్లు నిర్ణయాలు ఊరికి దూరమయ్యాయి. చెరకు ధర ఒక చోట, చక్కెర ధర మరో చోట, అప్పు ఇంకో చోట నిర్ణయమయ్యేవి. పాత యంత్రాలతో ఆడిన మిల్లులకు చక్కెర తక్కువ దిగేది, ఖర్చు ఎక్కువయ్యేది. చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బివ్వాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఆ ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోయిన సీజన్లు ఈ జిల్లా రైతు చాలా చూశాడు. కార్మికుల జీతాలూ నెలల తరబడి ఆగాయి. గడలు తోలినవాడికీ యంత్రం నడిపినవాడికీ మధ్య అప్పుడు కోపం పుట్టింది. ఇద్దరికీ రావలసిన డబ్బు ఒకే సంచిలోంచి రావాలి మరి. తుమ్మపాల, ఏటికొప్పాక, పాయకరావుపేట దగ్గరి తాండవ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చోడవరం దగ్గర గోవాడ మిల్లు ఒక్కటీ ఎక్కువ కాలం పొగ గొట్టాన్ని ఆరనివ్వకుండా లాక్కొచ్చింది.

ఇంత జరిగినా అనకాపల్లి రైతు గానుగను వదలకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మిల్లుకు తోలితే డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. దిమ్మ యార్డుకు తెస్తే ఎంతో కొంత చేతిలో పడుతుంది. ఆ ఎంతో కొంతలో కమీషన్ ఏజెంటు ముందే ఇచ్చిన అప్పు తెగుతుందన్నది వేరే కథ. అయినా కూలివాళ్ళకు ఆ వారం డబ్బివ్వగలిగితే మళ్ళీ వారం జట్టు పాకకు వస్తుంది. మనిషికి సమయానికి కూలి పడటం అనే చిన్న విషయమే గానుగను నిలబెట్టింది, అదే తప్పడం మిల్లులను పడగొట్టింది.

గానుగ పాకకూ మచ్చ రాకపోలేదు. పసుపు తెలుపు కలిసిన మెరిసే దిమ్మకు యార్డులో మొదటి రకం ధర. ఆ రంగు కోసం పెనంలో హైడ్రోస్ అనే రసాయనం చల్లడం అలవాటైంది. ఆహార ప్రమాణాలు దాని అవశేషాలకు హద్దు పెట్టాయి. అనకాపల్లి పరిశోధన కేంద్రం రసాయనం లేకుండా వండే పద్ధతులు, బెల్లం పొడి చేసే పద్ధతులు రైతులకు చూపిస్తూ వచ్చింది. సున్నపు తేట, బెండ జిగురుతో దిగిన బెల్లం కాస్త ముదురు రంగులో ఉంటుంది, రుచికి లోటుండదు. ఇక్కడ పాకం మనిషికి ఎప్పుడూ లేని సంకటం వచ్చింది. అతని నేర్పు వేలి మీద ఉండేది, ఇప్పుడది హైడ్రోస్ పొట్లం మీదికి మారింది. మంచి పాకం పట్టగలవాడికీ, పొట్లం చల్లేవాడికీ ఒకే ధర వస్తుంటే, కుర్రాడు నేర్చుకోవడానికి పెద్ద పక్కన ఎందుకు నిలబడతాడు? నేర్పించడం కూడా పెద్ద పనిలో భాగమే. రంగుకు ధర కట్టిన మార్కెట్టు ఆ భాగాన్ని మెల్లగా చంపింది. ఈ తప్పు గానుగవాడి మీద ఒక్కడి మీదే వేయడం న్యాయం కాదు. తెల్లగా ఉన్నదే మంచిదనుకుని కొన్న ఇల్లాలి దగ్గర నుంచి పాట పాడిన వర్తకుడి దాకా అందరికీ ఇందులో వాటా ఉంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఈ ప్రాంతంలో పడిపోకుండా జడచుట్లు వేసిన తోటలు కూడా నేలకొరిగాయి. పడిన చెరకు రసం చప్పబడుతుంది, దానిని నరకడం మామూలు తోట కన్నా రెట్టింపు కష్టం. అలాంటి ఏడు జట్టు దొరకడమే గగనమవుతుంది. తర్వాతి ఏళ్ళలో చెరకు విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది, గానుగలు చాలా ఊళ్ళలో ఆగిపోయాయి. నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ మొలిచే కార్శి తోటలు వదిలేసి సరుగుడు, కూరగాయలు వేసుకున్నవాళ్ళున్నారు. పాకం మనిషి కొడుకులు, కోడళ్ళు పొద్దున్నే అచ్యుతాపురం, పరవాడ వైపు కంపెనీ బస్సులెక్కుతున్నారు. బట్టలు కుట్టే యూనిట్లలో వేల మంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు, మందుల కంపెనీల్లో మూడు షిఫ్టులు నడుస్తున్నాయి. అక్కడ పెద్దకు సూపర్‌వైజర్ అని పేరు, లైన్ ఇన్‌చార్జి అని పేరు. గంటకు ఇన్ని అన్న లక్ష్యం బోర్డు మీద ఉంటుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో కనీసం 17 మంది చనిపోయారు. ఇంకో పెనం ఎక్కించొద్దు, ఆపండి అని చెప్పగలిగే మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. ఆ మాట చెప్పినందుకు అతని కూలి తెగకూడదు కూడా. పొయ్యి మారినా ఈ అవసరం మారలేదు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. కొత్త జిల్లాకు కొత్త చరిత్ర పుస్తకాలు వస్తున్నాయి. అందులో ఒక అధ్యాయం పాకం చూసినవాళ్ళకు, మంట వేసినవాళ్ళకు, పిప్పి ఎండబెట్టిన ఆడవాళ్ళకు, కళాసీలకు, కొలగార్లకు దక్కాలి. ఎడ్ల గానుగ చూసిన కళ్ళు ఇంకా కొన్ని మిగిలున్నాయి. పెనం ఎలా దించేవారో, జట్టును ఎలా కుదిర్చేవారో వాళ్ళే చెప్పగలరు. వంద ఏళ్ళు దాటిన పరిశోధన కేంద్రం, మార్కెట్ కమిటీ, ఇక్కడి కాలేజీల చరిత్ర విద్యార్థులు కలిస్తే ఒక్క సీజన్‌లో ఆ మాటలు రికార్డు చేయొచ్చు. వచ్చే సీజన్‌కు పొయ్యిలు వెలిగేలోపే ఆ పని మొదలుపెట్టండి.